మోకాలు దాటని కంచె

గవరమ్మని మొగుడు పొద్దున్నే పిలిచి ఏమన్నాడంటే, "రేవు దాటెళ్ళి మొక్కలు తీసుకురా. గుబురుగా పెరగాలి, ఎత్తుగా పెరగాలి, ఏడాది పొడుగునా ఆకు రాలకూడదు. అవతలోడి మొహం నాకు కనపడకూడదు" అన్నాడంట. అవతలోడంటే ఎవడో అనుకునేరు, సొంత తమ్ముడే. మొగుడి పేరు భద్రయ్య, తమ్ముడి పేరు తాతబ్బాయి. పులుగులంకలో ఆళ్ళది ఒకటే వాకిలి. ఇటుపక్క అన్న ఇల్లు, అటుపక్క తమ్ముడి ఇల్లు, ఇద్దరికీ కలిపి ఒకటే బావి. సాయంత్రమైతే అన్న మంచం ఇటునుంచీ తమ్ముడి మంచం అటునుంచీ వచ్చి వాకిలి మధ్యలో కలుసుకునేవంట, ఎడ్లు కాడి కిందకి వచ్చినట్టు. అలాంటి అన్నదమ్ములు. మరి ఏం పుట్టింది ఇద్దరికీ అంటారా, చెప్తాను, అక్కడికే వస్తున్నాను.

ఏమైందంటే, ఆళ్ళ మేనకోడలి పెళ్ళి. పెళ్ళివారు పడవ మీద దిగుతున్నారు. ఇంటికి పెద్దోడు కదా, భద్రయ్య జరీపంచ కట్టి, కండువా వేసి, పన్నీరుబుడ్డి పట్టుకుని అందరికన్నా ముందు రేవులోకి దిగేడు. వరద అప్పుడే తీసింది, రేవంతా ఒండ్రుమట్టి. ఒండ్రు సంగతి మీకు చెప్పాలా, కాలు పెడితే వెన్నముద్ద. జారేడు. జారి కూలబడ్డాడు. కూలబడినోడు అక్కడే ఆగితే కథే లేకపోను. కూచున్నోడు కూచున్నట్టే జర్రుమని పడవ దాకా వెళ్ళిపోయేడు, చేతిలో పన్నీరుబుడ్డి మాత్రం వదల్లేదు. పెళ్ళివారికి ఎదురెళ్ళడం ఎదురెళ్ళేడు, కాకపోతే కూచుని వెళ్ళేడు. అందరూ నవ్వేరు. పెళ్ళికొడుకు నవ్వేడు, పడవోడు నవ్వేడు, సన్నాయి ఊదేవాడు ఊదడం మానేసి నవ్వేడు. కానీ భద్రయ్య చెవికి ఒక్క తమ్ముడి నవ్వే వినపడిందంట. "ఊరోళ్ళు నవ్వుతారు, ఆళ్ళకి నేనేం అవుతాను. నా వెనకాల పుట్టినోడు, నేను ఎత్తుకు తిప్పినోడు, వాడు నవ్వుతాడా" అని, ఆ రోజునుంచీ మాట మానేసేడు. తాతబ్బాయి మటుకు, "నవ్వొస్తే నవ్వేను, నేను తోసేనా ఏంటి" అని వాడూ బిగుసుకున్నాడు. ఇద్దరూ ఒక్క రక్తమే కదా, బిగుసుకోడంలో ఎవరికి ఎవరు తీసిపోతారు.

సరే, మాట లేకపోతే లేదు, కానీ పనులు ఆగవు కదా. ఎడ్లు ఇద్దరివీ, బావి ఇద్దరిదీ. అందుకని పెళ్ళాల చేత చెప్పించుకునేవోరంట. ఇక్కడ ఇద్దరూ బావి దగ్గిరే నించునుంటారు, చెయ్యి చాపితే తగిలేటంత దూరం. భద్రయ్య ఆకాశం కేసి చూసి, "గవరమ్మా, మీ మరిదితో చెప్పు, ఎర్రెద్దు కుంటుతుంది, ఇయ్యాళ కట్టొద్దని" అంటాడు. గవరమ్మ ఇటు తిరిగి, "మరిదీ, ఎర్రెద్దు కుంటుతుందంట" అంటాది. తాతబ్బాయి నేలకేసి చూసి, "సీతాలూ, మీ బావగారితో చెప్పు, ఆ సంగతి నిన్నే నేను చూసేనని" అంటాడు. సీతాలంటే తాతబ్బాయి పెళ్ళాం. ఆవిడ, "బావగారూ, ఈయన నిన్నే చూసేరంటండీ" అంటాది. చెవిటోళ్ళు ఎవరూ లేరు ఆ వాకిట్లో. అయినా ప్రతి మాటా రెండుసార్లు వినాలి. గవరమ్మకి సాయంత్రానికి గొంతు పోయేదంట.

అలా కొన్నాళ్ళు జరిగింది. ఒకరోజు భద్రయ్యకి ఏం తిక్క రేగిందో, వాకిలి మధ్యలో నించుని, తాడు పట్టి ఈ గోడనుంచి ఆ దొడ్డి దాకా గీత గీసేడు. "అమ్మ పోయేటప్పుడు వాకిట్లో గోడ లేపనని మాట తీసుకుంది. గోడ లేపను. కంచె సంగతి అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ఇక్కడ పచ్చకంచె వేస్తాను. అది నా భుజం దాకా లేచిన రోజున వాడికీ నాకూ సంబంధం తెగిపోయినట్టే. బావి వేరు, దారి వేరు, చావుకీ పుట్టుకకీ కూడా ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కేది లేదు" అన్నాడు. నలుగురిలో అన్నాడు. భద్రయ్య నలుగురిలో ఒక మాటంటే గోదారి వెనక్కి తిరుగుద్దేమో గానీ ఆ మాట తిరగదు. తాతబ్బాయి, "సీతాలూ, మీ బావగారితో చెప్పు, ఎంత తొందరగా లేస్తే అంత మంచిదని" అన్నాడు. అయిపోయింది, ఇంక ఇద్దరూ చిక్కుకున్నారు.

ఇప్పుడు గవరమ్మ సంగతి చూడండి. ఆవిడకి తోడబుట్టిన ఆడపిల్లల్లేరు. సీతాలు కాపరానికొచ్చిన కొత్తలో పొయ్యి రాజెయ్యడం కూడా రాదు, అన్నీ ఈవిడే నేర్పింది. నేర్పించుకున్నాక ఏమైందంటే, సీతాలు చేతి చేపలపులుసు లేకపోతే గవరమ్మకి ముద్ద దిగదు. గవరమ్మ తల దువ్వితే గానీ సీతాలుకి దువ్వినట్టుండదు. మొగుళ్ళు బిగుసుకున్నాక కూడా ఆ మాటలు చెప్పే వంకన వీళ్ళిద్దరూ మజ్జిగకీ మిరపకాయకీ నాలుగు మాటలు చెప్పుకునేవోరు. కంచె లేస్తే అదీ పోతాది. పడవలో కూచుని రేవు దాటుతున్నంతసేపూ గవరమ్మ వెనక్కి తిరిగి సీతాలు ఇంటి కేసే చూసిందంట.

అవతల ఒడ్డున గంగులని మొక్కలాయన. చేతిలో మట్టి పోతే ఆయన్ని గుర్తుపట్టలేం, ఎప్పుడూ మట్టిలోనే. "ఏం కావాలమ్మా" అన్నాడు. "కంచెకి మొక్కలు కావాలి బాబాయ్" అంది. "ఓస్, అదెంత పని. ఇదిగో ఈ రకం చూడు, మూడేళ్ళలో తాడెత్తు లేస్తాది. ఇది చూడు, ఆర్నెల్లకే నిన్ను దాటిపోద్ది" అని ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. ఈవిడ అన్నిటికీ తల అడ్డంగా ఊపుతుంది. ఆఖర్న చుట్టూ చూసుకుని, గొంతు తగ్గించి, "బాబాయ్, పెరగనిది ఏదైనా ఉందా" అంది. గంగులు చేతిలో మొక్క కింద పెట్టేసేడంట. "నలభై ఏళ్ళనుంచీ మొక్కలు పెంచుతున్నాను. తొందరగా పెరిగేది ఇమ్మన్నోళ్ళే అందరూ. పెరగనిది ఇమ్మన్నది నువ్వొక్కదానివే. పెరగనిది కావాలంటే రాయి నాటుకో తల్లీ" అన్నాడు. దాంతో గవరమ్మ ఏడిచేసింది. ఏడుస్తూ ఉన్న సంగతంతా చెప్పేసింది, రేవులో జారడం దగ్గిరనుంచీ. గంగులుకి జారిన కాడ నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వే కదా కొంప ముంచిందని మింగేసేడు.

అప్పుడాయన తోటలో ఆ మూలకి తీసుకెళ్ళి ఒక మొక్క చూపించేడు. నూరువరహాలు. మీరు చూసేరుగా, ఎర్రగుత్తులు పూస్తాది, పువ్వు లాగి వెనక కాడ చీకితే తియ్యగా ఉంటాది, ఆ చెట్టే. కాకపోతే ఇది చిట్టాకు రకం. ఆకు చిన్నది, కణుపు దగ్గిర దగ్గిర, కోడి గుడ్లు పొదిగినట్టు నేలకి అతుక్కుని కూచుంటాది. "ఇది ఏడాదంతా పచ్చగానే ఉంటాది, ఆకు రాల్చదు, పువ్వు మానదు. నెమ్మదస్తురాలు. అలాగని అస్సలు లేవదని చెప్పను, అబద్ధం ఆడకూడదు. నీళ్ళు పోసి వదిలేస్తే ఎప్పటికో ఒకప్పటికి మీ ఆయన నడుం దాకా, ఆపైన భుజం దాకా లేస్తాది. కానీ ఒక కిటుకుంది. చిగురు రెండు జతల ఆకులు వేసేక కొన తుంచెయ్. తుంచిన చోట ఒకటికి రెండు కొమ్మలు పుడతాయి, పైకి వెళ్ళాల్సిన బలం పక్కకి వెళ్ళిపోద్ది. పువ్వు వాడేక తుంచు, ముందు తుంచితే పువ్వు పోద్ది. జానకొకటి నాటు" అన్నాడు. "ఎవరికీ చెప్పవు కదా" అంది. "నా మీద ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు ఆయన్ని ఎక్కడికి తెచ్చిందో ముందు ముందు చెప్తాను.

నాటేరు. భద్రయ్యే దగ్గిరుండి తాడు పట్టి మరీ నాటించేడు. "ఇదేంటి ఇంత పొట్టిగా ఉంది" అంటే గవరమ్మ, "పుట్టగానే మీరెంతున్నారేంటి" అంది. సరేనన్నాడు. మొదట్లో ఒక చిక్కొచ్చింది. ఇల్లు కట్టినప్పుడు సున్నం తడిపిన గుంట ఆ గీత కిందే ఉందంట, అక్కడున్న మొక్కలు ఆకులు పాలిపోయి కామెర్లొచ్చినట్టయిపోయేయి. గవరమ్మకి భయమేసింది, ఇవి చస్తే మొగుడు తాడెత్తు రకం తెప్పిస్తాడు. మళ్ళీ గంగులుకి కబురెట్టింది. పుల్లమజ్జిగ నీళ్ళలో కలిపి మొక్కల మొదళ్ళలో పొయ్యమన్నాడు, చింతాకు కుళ్ళబెట్టి వెయ్యమన్నాడు. నెల్లాళ్ళు భద్రయ్య కంచంలోకి మజ్జిగ రాలేదు. "గేదె ఎగ్గొట్టింది" అని చెప్పింది ఆయనకి. గేదె పాపం ఎప్పట్లాగే ఇచ్చింది. మొక్కలు తిరిగి పచ్చబడ్డాయి.

ఇంక అక్కణ్ణుంచీ గవరమ్మ పని ఏంటంటే, శుక్రవారం శుక్రవారం పూజకి పూలు కోసే వంకన కంచె పొడుగునా వంగుని, వాడిన గుత్తితోపాటు గోటితో చిగురు కూడా తుంచి ఒళ్ళో వేసుకోడం, తెచ్చి మేకకి పడెయ్యడం. తాతబ్బాయేమో అమాసకి అమాసకి రెండు గంపల ఒండ్రు తెచ్చి మొదళ్ళలో పోసేవోడు. "సీతాలూ, మీ బావగారితో చెప్పు, బలానికని" అనేవోడు. అది విన్నప్పుడల్లా గవరమ్మ, వీడు నిజంగానే పెంచేస్తున్నాడు, ఎంత రాయి అయిపోయేడు అనుకునేది. ఇక భద్రయ్య. ఆయన ఒక వెదురుకర్రకి తన భుజమెంత ఎత్తో అంత దగ్గిర గాటు పెట్టుకున్నాడు. పున్నానికి పున్నానికి అందరూ చూస్తుండగా కర్ర తెచ్చి కంచె పక్కన నిలబెట్టి కొలిచేవోడు. "ఊఁ, ఇంకా లేవలేదు" అని ఒక మాట అని, కర్ర భుజానేసుకుని లోపలికి పోయేవోడు.

ఏడాది గడిచింది. గవరమ్మకి ఒక అనుమానమొచ్చింది. తను తుంచే లెక్కకి కంచె మోకాలి దాకా ఉండాలి. ఇదేమో పిక్కల దగ్గిరే ఉంది. ఇదేంటిది, నేను ఆపమన్నది పెరగడం గానీ కుంగిపొమ్మన్నానా అనుకుంది. మేక మీదకి పోయింది అనుమానం. మేకని కట్టేసింది, అయినా అంతే. ఒక శుక్రవారం మధ్యాన్నం మగాళ్ళు పొలంలో ఉండగా, తను తుంచిన చిగుళ్ళు ఇంకా ఒళ్ళోనే ఉండగా, తలుపు సందులోంచి చూద్దామని చూసిందంట. చూస్తే ఏముంది, అవతలిపక్క సీతాలు, కొంగు దోపుకుని, వంగుని, టపటపా చిగుళ్ళు తుంచి ఒళ్ళో వేసుకుంటుంది. గవరమ్మ బయటికొచ్చింది. సీతాలు అలా వంగునే ఉండిపోయింది, ఒళ్ళో చిగుళ్ళు అన్నీ కనపడతానే ఉన్నాయి. "ఏంటే సీతాలూ" అంది గవరమ్మ. "పురుగు పట్టిందక్కా" అంది సీతాలు. "ఎప్పణ్ణుంచీ పట్టిందే". "నాటిన మూడో నెల్నుంచీ అక్కా". "నాకు రెండో నెల్లోనే పట్టింది" అని గవరమ్మ తన ఒళ్ళో ఉన్న చిగుళ్ళు చూపించింది. ఇంక చూడండి, ఇద్దరూ కంచెకి చెరోపక్క కూలబడి, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వడం. నవ్వి నవ్వి, ఆఖర్న ఏడుపు కూడా వచ్చిందంట. ఒక వారం నువ్వు, ఒక వారం నేను, అని వంతులేసుకున్నారు.

వంతులేసుకున్నాక కంచె కొంచెం లేవాలి కదా. లేవలేదు. ఇంకా దిగింది. పక్కలకి మాత్రం బలిసింది, ఒక మూరెడు మందాన పరుపులాగ అల్లుకుపోయి, ఎర్రగా గుత్తులే గుత్తులు. మొక్కకే మన మనసు తెలిసిపోయిందక్కా అంది సీతాలు. అవునేమోలే అంది గవరమ్మ. ఆడోళ్ళం, మొక్కకి మనసుందంటే నమ్ముతాం గానీ మొగుడికి ఉందంటే ఓ పట్టాన నమ్మం.

ఇలా ఉండగా ఊళ్ళో గుసగుసలు బయల్దేరేయి. రెండేళ్ళు కావొస్తుంది, భద్రయ్య భుజం ఎక్కడ, కంచె ఎక్కడ. చెరువుగట్టు మీద ఎవడో, "భద్రయ్య కంచె లేచేలోపు మన మనవలకి పెళ్ళిళ్ళయిపోతాయి" అన్నాడంట. ఆ మాట భద్రయ్య చెవిన పడింది. పరువు కదా. "ఆ గంగులుగాడు మోసం చేసేడు. కుంటిమొక్కలు అంటగట్టేడు. పిలిపించి నలుగురిలో అడుగుతాను, తప్పయితే ఇవన్నీ పీకించి తాడెత్తు రకం వాడి చేతే నాటిస్తాను" అన్నాడు.  

గంగులు వచ్చేడు. వాకిట్లో నలుగురు పెద్దమనుషులు అరుగెక్కి కూచున్నారు, మిగతా ఊరు నించుంది. భద్రయ్య కర్ర నిలబెట్టి, "చూడండి, రెండేళ్ళు. మోకాలు కూడా దాటలేదు. ఇది మోసం కాదా" అన్నాడు. అరుగు మీద ఒకాయన, "ఏం గంగులూ, పెరిగే మొక్కలే ఇచ్చేవా" అన్నాడు. గంగులు గవరమ్మకేసి చూసేడు, చూసి తల దించుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నాడు కదా. "నా తప్పేనండి. నా మొక్కే మంచిది కాదు" అన్నాడు. నలభై ఏళ్ళు మొక్కల్లో బతికినోడు, నలుగురిలో తన మొక్క మంచిది కాదని చెప్పుకోడమంటే ఏంటో అనుకోండి. కన్నబిడ్డని దొంగ అన్నట్టే. గవరమ్మ గుమ్మంలో ఉంది. ఆవిడ అదొక్కటీ చూడలేకపోయింది. ఎదరకొచ్చి, "ఆయన తప్పేం లేదు, మొక్క తప్పూ లేదు. నేనే తుంచేను. శుక్రవారం శుక్రవారం తుంచేను. నన్నేం చేసినా చెయ్యండి, ఆయన్ని మాత్రం ఏమీ అనకండి" అంది. అందరూ నోళ్ళు తెరిచేరు. భద్రయ్య మొహం కందగడ్డ అయిపోయింది. నువ్వా అనేలోపే అటుపక్కనుంచి సీతాలు, "అక్కొక్కత్తే కాదండి బావగారూ, నేనూ తుంచేను. అక్క పైకొమ్మలు తుంచితే నేను పక్కవి కూడా తుంచేను" అంది.

అప్పటిదాకా తలదించుకున్న గంగులు వంగుని కంచె కేసి చూడ్డం మొదలెట్టేడు. మొక్కలాయన కదా, చెయ్యి ఊరుకోదు. ఒక కొమ్మ పట్టుకున్నాడు, తిప్పేడు, ఇంకో కొమ్మ పట్టుకున్నాడు. "అమ్మా, ఇది గోటితో తుంచింది, నిజమే. ఇదీ గోరే. కానీ ఇది చూడండి, ఇది గోరు కాదు. వేలంత కొమ్మ, గోటితో ఎవరివల్లా కాదు. ఒక పక్క కోసినట్టుంది, ఒక పక్క నలిపినట్టుంది. కత్తయితే రెండు పక్కలా కోస్తాది. కొడవలయితే లాగినట్టుంటాది. ఇది అడకత్తెర" అన్నాడు. అడకత్తెర అనేసరికి అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎందుకంటే ఆ రెండిళ్ళలో అడకత్తెర బొడ్లో పెట్టుకు తిరిగేది ఒక్కడే. పళ్ళు కదిలి వక్క కొరకలేక, ముక్కలు చేసుకుని నమిలేవోడు. ఎవరో నేను చెప్పను, మీరే చెప్పండి. ఆఁ, ఆయనే.

అందరూ భద్రయ్య బొడ్డుకేసి చూసేరంట. భద్రయ్య కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "పదును చూసుకోడానికి ఎప్పుడైనా ఒకటీ అరా కోసుంటాను" అన్నాడు. గంగులు ఊరుకుంటే బాగుండును, కానీ మొక్కల మీద మాటొచ్చేక ఆయన ఊరుకోడు. "ఒకటీ అరా కాదండి, నూటికి పైనే ఉన్నాయి. పున్నానికి పున్నానికి ఒక వరస కోసినట్టు ఉంది, కొత్తది, పాతది, అంతకన్నా పాతది" అన్నాడు. అంటే ఏంటన్నమాట. కొలిచే రోజు తెల్లారగట్ట లేచి, కోసుకుని, ఆ తరవాత పదిమందినీ పిలిచి కొలిచేవోడన్నమాట.

గంగులు ఇంకా లేవలేదు. మొక్క మొదలు దగ్గిర మట్టిలోకి చెయ్యి పెట్టేడు. మణికట్టు దాటి పోయింది. "ఇదేంటండీ, నేనిచ్చిన మొక్క మొదలు ఇక్కడుండాలి. జానెడు పైన మట్టి ఉంది. మొక్క మెడ దాకా పూడిపోయింది. ఎవరు పోసేరు ఇంత ఒండ్రు" అన్నాడు. ఇప్పుడు అందరూ తాతబ్బాయి కేసి తిరిగేరు. తాతబ్బాయి గోళ్ళు చూసుకుంటున్నాడు. "తుంచే ఓపిక నాకెక్కడిది. నేల పైకి లేస్తే కంచె కిందకి దిగినట్టేగా, కర్ర నేలమీదే కదా పెడతారు అనుకున్నాను" అన్నాడు. గవరమ్మకి అప్పుడు తెలిసిందంట, రెండేళ్ళుగా రాయి రాయి అని తను తిట్టుకున్నోడు గంపలెత్తి మోసింది దేనికో. ఆవిడ కళ్ళు తుడుచుకోడానికి కొంగు కోసం వెతుక్కుంటుంటే, సీతాలు తన కొంగే అందించింది.

భద్రయ్య కర్ర గోడకి ఆనించేడు. అలవాటు చొప్పున ఆకాశం కేసి చూసి, "గవరమ్మా, మీ మరిదితో చెప్పు" అన్నాడు. గవరమ్మ, "నాకు గొంతు పోయింది, మీరే చెప్పుకోండి" అంది. సీతాలు కేసి చూసేడు, ఆవిడా ముంత చేతపట్టుకుని లోపలికి పోయింది. ఇంక గత్యంతరం లేదు. రెండేళ్ళ తరవాత తమ్ముడి కళ్ళలోకి చూసి, "ఒరే, జానెడు మట్టి పోసేవంట్రా. మొక్క చచ్చిపోతేనో" అన్నాడు. "పైన నువ్వు నూరు కొమ్మలు కోస్తేనే చావలేదన్నయ్యా, కింద నేను నాలుగు గంపలు పోస్తే చస్తాదా" అన్నాడు తాతబ్బాయి. భద్రయ్య కంచె కేసి ఓసారి చూసి, "అదీ నిజమేలే" అన్నాడు.

అయితే అరుగు మీద పెద్దాయన తగువు పెట్టేడు. "మరి నీ మాటో భద్రయ్యా, భుజం దాకా లేస్తే సంబంధం తెగిపోద్దన్నావు, ఆ మాట వెనక్కి తీసుకున్నట్టేనా" అన్నాడు. భద్రయ్యకి రోషమొచ్చింది. "నా మాట వెనక్కి తీసుకోడమేంటి. మాట మాటే. ఇది నా భుజం దాకా లేచిన రోజున వాడెవడో నేనెవడో" అని, గంగులు కేసి తిరిగి, "గంగులూ, సరిగ్గా ఎలా తుంచాలో అందరికీ ఒకసారి చూపించు. వీళ్ళు అడ్డదిడ్డంగా తుంచుతున్నారు" అన్నాడంట. గంగులు చూపించేడు. మూడు చేతులు కాదు, ఆ రోజునుంచి నాలుగు చేతులూ తుంచేయి. ఎండాకాలం ఒక విడత, వానలు పడ్డాక ఒక విడత, వాకిట్లో నలుగురూ చెరోపక్కా కూచుని, మాటలు చెప్పుకుంటూ. ఆ మొక్కలు మోకాలు దాటలేదు. భద్రయ్య పోయేదాకా మాట తప్పలేదు.

తరవాత తరవాత లంకలో ఏ అన్నదమ్ములు వేరుపడినా గోడ కట్టకుండా ఆ కంచె కొమ్మే తెచ్చి నాటుకునేవోరంట. మా ఇంటి ముందరున్నదీ ఆ కొమ్మే, మా అత్తగారు తెచ్చి నాటింది. రోజూ పొద్దున్నే మా తోడికోడలు దానవతల నించుని, మా ఇంట్లో కూర ఏంటి, గేదె ఎన్ని పాలిచ్చింది, నిన్న వచ్చిన చుట్టమెవరు, అన్నీ అడుగుద్ది. వంట చెయ్యనివ్వదు, కూచోనివ్వదు. అవునమ్మా, చాలా గొప్ప మొక్క, కాదనను. మొన్నే గంగులు మనవడి తోటకెళ్ళేను. "బాబూ, తాడెత్తు లేచే రకం ఏదో ఉండేదంట కదా, అది ఇంకా ఉందా" అని అడిగొచ్చేను.